ట్రాక్టరు కంటికి పెట్టిన బొట్టు

పద్మనాభం,
కార్తీకమాసం, ఆదివారం.

అమ్మకి,

నీ కాళ్ళకి దండం పెట్టి నీ కొడుకు సాయిశంకర్ రాస్తున్నది. ఇక్కడ మేమంతా బాగున్నాం, అక్కడ నువ్వూ నీలిమ అక్కా బావా పసిపాపా బాగున్నారని తలుస్తాను అని రాయడం మర్యాద కాబట్టి రాశాను. అందులో మొదటి సగం నిజం కాదు. ఎందుకు కాదో కింద రాస్తాను. ఒక్కసారిగా రాయడం నా వల్ల కాదు, కాస్త ఓపిక పట్టు.

నువ్వు అక్క చేత రాయించిన ఉత్తరం శుక్రవారం అందింది. భిలాయి నుంచి వచ్చిన దేవీప్రసాద్ బావ స్నేహితుడు తనే బండి మీద వచ్చి ఇచ్చి వెళ్ళాడు. పాప కాలి ముద్ర వేసిన కాగితం దేవుడి గూట్లో పెట్టాం. దసరా మర్నాటి నుంచి నువ్వు నాతో ఫోన్లో మాట్లాడటం మానేశావు. ఎప్పుడు చేసినా అక్కే ఎత్తి, "అమ్మ తానం సేత్తంది" అంటోంది. నలభై రోజులుగా ఒకే స్నానమా అమ్మా? నవ్వించడానికి రాశాను, నవ్వు రాకపోతే వదిలెయ్. నువ్వు ఫోన్ ఎత్తినా ఈ సంగతి చెప్పగలిగేవాణ్ణి కాదు. నీ గొంతు వినగానే సగం మింగేసి మిగతా సగం తిప్పి చెప్పేవాణ్ణి. ఆ పని ఒకసారి చేశాను కాబట్టి తెలుసు.

అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను. గేదె ఈనింది, పెయ్యదూడ. మొన్నటి వానకి నీళ్ళు పారే గెడ్డ పక్క మడిలో చేను పడిపోయింది, మిగతాది నిలబడే ఉంది, కోతకి ఇంకో పది రోజులు పడుతుంది. పోర్టులో నా డ్యూటీ మామూలే, ఈ వారం పగటి షిఫ్టు. తులసికోట దగ్గర దీపాలు ఎవరు పెడుతున్నారని అడిగావు. నీ కోడలు సత్యశ్రీయే పెడుతోంది. ఆమెని పెట్టనివ్వొద్దని నువ్వు రాయించిన మాట మేం చదివేసరికి సగం కార్తీకం అయిపోయింది.

గవర్రాజు మావ కాలు గురించి అడిగావు. నీ తమ్ముడి కాలు కదా, నీకు నిద్ర పట్టదని తెలుసు. మోకాలి కింద రెండు చోట్ల విరిగిన ఎముకకి లోపల రాడ్డు వేశారు, కుట్లు మానాయి. చేతికర్ర పట్టుకుని మంచం నుంచి గుమ్మం దాకా వస్తున్నాడు. ఇంక గొంతుక్కూర్చోలేడనీ, పొలం గట్ల మీద నడక కష్టమనీ డాక్టరు అన్నాడు. అన్నం బాగానే తింటున్నాడు. పెడుతున్నది సత్యశ్రీ. పొద్దున్నే నీళ్ళు కాచడం, కాలు తుడవడం, దొడ్లోకి తీసుకెళ్ళడం అన్నీ ఆమే. నేను ఆరింటికి బండెక్కితే తిరిగి వచ్చేసరికి చీకటి పడుతుంది, నీకు తెలియంది కాదు.

ఇంక నువ్వు అడగకుండా ఆజ్ఞ వేసిన మాట. "నేను వచ్చేలోగా ఆ పిల్లని గాజువాకలో వాళ్ళ పుట్టింట దిగబెట్టు. నా తమ్ముడి కాలు తీసిన చెయ్యి నా ఇంట్లో దీపం పెట్టకూడదు." అక్క రాత ముత్యాల్లా ఉంటుంది కదా, ప్రతి అక్షరం స్పష్టంగా తెలిసింది. ఉత్తరం నేను బల్ల మీద పెట్టి కాళ్ళు కడుక్కోడానికి వెళ్ళాను. వచ్చేసరికి సత్యశ్రీ చదివేసింది. లోపలికి వెళ్ళి చీరలు మడతపెట్టి సంచిలో పెట్టుకుంది. సంచి గుమ్మం పక్కన పెట్టి, మావకి అన్నం వడ్డించింది.

అక్కా, ఇది చదివి వినిపిస్తున్నది నువ్వే కాబట్టి నీకొక మాట. ఇక్కణ్ణుంచి అమ్మ ఆపమన్నా ఆపకు. ఒక్క ముక్క కూడా దాటెయ్యకు.

అమ్మా, మన ట్రాక్టరుకి కెమెరాలు పెట్టించిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. విశాఖలో జగదాంబ సెంటర్ దగ్గర కొనుక్కొచ్చి నేనే బిగించాను. ఒకటి ట్రాలీ వెనక తలుపు మీద, ఇంకోటి దుక్కి పళ్ళు కనిపించేలా సీటు వెనక, స్టీరింగు పక్కన అరచేతి రెండింతలంత తెర. రివర్సు గేరు వెయ్యగానే వెనకంతా తెర మీద కనిపిస్తుంది. గడ్డి ఎత్తుగా కట్టిన రోజున నాన్న మెడ తిప్పీ తిప్పీ సాయంత్రానికి ఆవదం రాయించుకునేవాడు, నాకు ఆ బాధ లేకుండా పోయింది. భాద్రపదంలో మన వీధి దేముడమ్మ పెద్దమ్మ దూడ చక్రం వెనక పడుకుంటే తెరలో చూసి ఆపాను. నువ్వు వీధంతా తిరిగి, "మావోడి ట్రాక్టర్‌కి ఈపున కళ్ళున్నాయి" అని చెప్పుకున్నావు. నాకూ తల తిరిగింది, దాచడం దేనికి.

అంతకు ముందు ఆ వెనక కళ్ళు మావవే. పదిహేనేళ్ళు నాన్నకీ, తర్వాత నాకూ ట్రాలీ వెనక నిలబడి "రానీ, రానీ, ఆపు" అని చెప్పింది ఆయనే. కెమెరా పెట్టిన రోజు ఆయన తెరలోకి వంగి చూసి, "మరి నానేటి సెయ్యాల్రా?" అన్నాడు. నేను నవ్వి, నీడన కూకో మావా, ఇంక నీ గొంతు అరగనక్కర్లేదన్నాను. పదిమందిలో అన్నాను. అందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వాడు. మర్నాడు కూడా వచ్చి ట్రాలీ వెనకే నిలబడ్డాడు. పక్కకి పొమ్మని నేను హారన్ కొట్టాను. అప్పుడు నాకది తప్పనిపించలేదు.

నేను పోర్టులో ట్రైలర్ తోలేది కూడా కెమెరా బండే. అక్కడ బొగ్గు పొడికి గంటలో అద్దం మసకబారిపోతుంది. షిఫ్టు ఎక్కగానే సేఫ్టీ ఆఫీసరు అడిగే మొదటి మాట, కెమెరా అద్దం తుడిచారా అని. రెండో మాట, వెనక మనిషి ఉన్నాడా అని. కెమెరా ఉన్నా సరే, వెనక సైగ చేసే మనిషి లేకుండా బండి అంగుళం కదలకూడదు. ఆరేళ్ళు ఆ రెండు మాటలకీ "తుడిచాను సార్, ఉన్నాడు సార్" అని చెప్పినవాణ్ణి. కొత్తగా చేరినవాళ్ళకి నేర్పేది నేనే. తెలియక చేశానని అనడానికి నాకు వీల్లేదని నువ్వు ముందే తెలుసుకోవాలని ఇదంతా రాస్తున్నాను.

దసరా నాడు ట్రాక్టరు కడిగాం. అక్క పురిటికి వెళ్ళి నువ్వు లేవు కాబట్టి పూజ సత్యశ్రీ చేతికి వచ్చింది. పాపం, వాళ్ళది గోదావరి వైపు, వాళ్ళ నాన్న స్టీల్ ప్లాంటు ఉద్యోగి, ఇంట్లో స్కూటరుకి తప్ప ఎప్పుడూ దేనికీ పూజ చేసి ఎరగదు. ఒక్కో సంగతీ దేముడమ్మ పెద్దమ్మని అడిగి చేసింది. అరటి పిలకలు కట్టింది, బంతిపూల దండ వేసింది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. లైట్లకీ బానెట్‌కీ బొట్లు పెట్టింది. ఉంగరం వేలితో శనగగింజంత బొట్లు, ముద్దుగా ఉన్నాయి.

ట్రాలీ కెమెరాకి బొట్టు పెట్టింది ఆమె కాదమ్మా. నేను.

రాసేశాను. ఇంక కొట్టెయ్యను.

ఆమె చేతిలో పళ్ళెం ఉంటే, నేనే పసుపు ముద్దలో బొటనవేలు ముంచి అద్దం మీద అద్దాను, దాని మీద నూనెలో కలిపిన కుంకుమ. అన్ని కళ్ళకీ బొట్టు పెట్టి ఈ కంటికి పెట్టకపోతే ఎలా అని పెద్ద తెలిసినవాడిలా అన్నాను. సత్యశ్రీ అప్పుడే చెప్పింది, అద్దం మీద వద్దండి, పక్కన రేకు మీద పెట్టండి అని. పెట్టేశాక, తుడిచేయనా అని అడిగింది. ట్రాలీ వెనక మేమిద్దరమే ఉన్నా, ముందున్నవాళ్ళందరికీ వినబడేలా ఆమె మీద లేచాను.

"అమ్మోరి బొట్టు తుడిసేత్తావేటి? పండగపూట ముత్తైదువ్వి, అనాల్సిన మాటేనా అది?"

ఆ మాటతో ఆమె ముఖం పాలిపోయింది. బొట్టు తుడవడం అనే మాట పెళ్ళయిన ఆడపిల్ల ముఖాన అలా కొట్టకూడదు. కేక విని వచ్చిన ఆడవాళ్ళు, ఆమే పెట్టి ఆమే తుడుస్తానంటోందనుకుని ఆమె వైపే చూశారు. ఆమె పళ్ళెం పట్టుకుని వెనక్కి జరిగింది.

నిమ్మకాయలు తొక్కించి, ట్రాక్టరు అమ్మవారి గుడి దాకా తీసుకెళ్ళి వచ్చాను. వెనక డప్పులు. షెడ్డులోకి రివర్సు చెయ్యాలి. ఆ షెడ్డులోకి వెయ్యిసార్లు చేసిన రివర్సు కదా అని తెర వంక సరిగ్గా చూడకుండా అలవాటు మీద తోలేశాను. మావ కొత్త పంచె కట్టుకుని, మానలేని అలవాటుతో వెనక నిలబడ్డాడు. ఆపు, ఆపు అని అరిచాడట. డప్పుల్లో వినబడలేదు. ఆయన ఎడమకాలు ట్రాలీకీ సిమెంటు స్తంభానికీ మధ్య పడ్డాక, జనం అరుపుకి ఆపాను.

ఆయన్ని ఆటోలోకి ఎక్కిస్తుంటే, దేముడమ్మ పెద్దమ్మ ట్రాలీ వెనక్కి వెళ్ళి చూసింది. "ఎవులే ఈ కంటికి బొట్టెట్టినారు?" అంది. అందరి చూపూ ఒక్కసారి సత్యశ్రీ చేతిలో పళ్ళెం మీద పడింది. సత్యశ్రీ నా వైపు చూసింది. నేను ఆటోలో మావ తల పట్టుకుని కూర్చున్నాను. ఒక్క మాట చాలు. నేను పెట్టాను అంటే సరిపోయేది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, పోనీ పోనీ అని ఆటోవాణ్ణి తొందర పెట్టాను.

సాయంత్రం ఆసుపత్రి వరండాలోంచి నీకు ఫోన్ చేశాను. నువ్వు అవతల ఏడుస్తున్నావు. ఎలా జరిగిందిరా అన్నావు. అప్పుడైనా చెప్పొచ్చు. "సత్యశ్రీకి తెలక కెమెరాకి బొట్టెట్టేసిందమ్మా, కొత్త కదా" అన్నాను. కొత్త కదా అని కూడా అన్నాను చూడు, ఆమెని వెనకేసుకొస్తున్నవాడిలా. ఇంటికి వచ్చాక గుడ్డ తడిపి ఆ అద్దం తుడిచాను. అది బొటనవేలంత వెడల్పున ఉంది, ఆడపిల్ల పెట్టిన బొట్టులా లేదు, ఎవరైనా దగ్గరగా చూస్తే పట్టేస్తారని. అమ్మవారి బొట్టు తుడవకూడదన్నవాణ్ణి కదా, రెండు రుద్దులకే పోయింది.

వారం తర్వాత మావ ఇంటికి వచ్చాడు. మొదటిపూట సత్యశ్రీ అన్నం కలిపి ఇస్తుంటే ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టి, "పోన్లే అమ్మా, తెలక సేసినావ్. నాను నీ మీద ఏటీ అనుకోను" అన్నాడు. నేను పక్కనే మంచినీళ్ళ చెంబు పట్టుకుని ఉన్నాను. ఆమె తల దించుకుంది. అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఆయన దయగా అన్న ఆ మాట కన్నా తిట్టి ఉంటే నయమనిపించింది నాకు. అయినా నోరు విప్పలేదు. మర్నాడు పోర్టులో కొత్తవాళ్ళని నిలబెట్టి, ముందు అద్దం తుడవాలని పాఠం చెప్పాను. ఏ మొహంతో చెప్పానో నాకే తెలియదు.

ఊళ్ళో ఎవరూ ఆమెని పెద్దగా అనలేదులే అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. పక్కింట్లో నోముకి పిలవలేదు. వీధి కుళాయి దగ్గర గోదావరి పిల్ల అనడం మానేసి బొట్టెట్టినావిడ అంటున్నారు. ఆమె ఒక్కరోజు కూడా నన్ను నిలదీయలేదు. నిలదీస్తే నాకు కోపం వచ్చేది, కోపంలో ఏదో ఒకటి అనేసి తేలిగ్గా ఉండేవాణ్ణి.

నీ ఉత్తరం వచ్చిన రాత్రి, గుమ్మం పక్కన ఆ సంచి చూశాక ఇంక మావ మంచం దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. ఆయన ఆ కాలు రెండు చేతులతో ఎత్తి మంచం అంచుకి జరుపుకున్నాడు. తిడతాడని కాచుకుని ఉన్నాను.

"సెయ్యని తప్పుకి నాను దాన్ని పోన్లే అన్నాను. నువ్వు పక్కన నిలబడి ఇన్నావు," అన్నాడు.

అంతే. తర్వాత సత్యశ్రీని పిలవమన్నాడు. ఆమె వస్తే, ఆ మంచం మీంచి లేవలేక, కూర్చునే రెండు చేతులూ జోడించాడు. అమ్మా, నీ తమ్ముడు ఎవరికైనా దండం పెట్టడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆమె ఆ చేతులు రెండూ పట్టుకుని దింపేసింది. నేను పశువుల సాలలోకి వెళ్ళి నిలబడ్డాను. నిన్నటి నుంచి మావ నాతో మాట్లాడటం లేదు. మంచినీళ్ళు ఇచ్చినా సత్యశ్రీ చేతికి ఇమ్మని సైగ చేస్తున్నాడు.

ఈ పొద్దున దేముడమ్మ పెద్దమ్మ ఇంటికి వెళ్ళి ఆమెకీ చెప్పాను. ఆమెకి చెబితే ఊరికి వేరే చెప్పక్కర్లేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఆవిడ ముఖం మీదే అంది. పడ్డాను. ఇంక మిగిలింది నువ్వు. అందరికంటే ముందు చెప్పాల్సింది నీకే, అందరికంటే ఆఖర్న చెబుతున్నాను. నువ్వు తిడితే పడతాను. మాట్లాడొద్దనుకుంటే అదీ నీ ఇష్టం. సత్యశ్రీని గాజువాకలో దిగబెట్టమన్న మాట మాత్రం నేను చెయ్యను. అది నీ మాట కాదు, నా అబద్ధం నీ చేత పలికించిన మాట.

ఇక్కడితో ముగించి సంతకం పెట్టబోయి, ముందు సత్యశ్రీకి ఇచ్చి చదవమన్నాను. ఆమె గురించి రాసింది ఆమె చూడాలి కదా అనుకున్నాను. ఇంకా నిజం చెప్పాలంటే, చదివి మెత్తబడుతుందనుకున్నాను. ఆ సంచి లోపలికి పోతుందనుకున్నాను. ఆమె గుమ్మంలో కూర్చుని నిదానంగా చదివింది. కాగితాలు సరిగ్గా సర్ది నా చేతికి ఇచ్చింది.

"తుడవనా అని రెండుసార్లు అడిగానండి. మీరు ఒక్కసారే రాశారు," అంది.

అమ్మా, పైన నేను తెర వంక సరిగ్గా చూడలేదని రాశాను. చూశాను. గుడి నుంచి వచ్చి రివర్సు గేరు వెయ్యగానే తెరంతా ఎర్రగా, పక్కన పసుపు మరక. వెనక ఏమీ కనిపించలేదు, నేల కూడా. బొట్టు ఇంకా అద్దం మీదే ఉండటం సత్యశ్రీ షెడ్డు దగ్గర నుంచి గమనించింది. ఒక చేతిలో పళ్ళెం, ఇంకో చేతిలో తడిగుడ్డ పట్టుకుని జనంలోంచి తోసుకుంటూ నా సీటు పక్కకి వచ్చింది. డప్పులు మోగుతున్నాయి, కాబట్టి నా చెవి దగ్గరకి వంగి చెప్పింది. ఆపండి, ఒక్క నిమిషం, తుడిచేస్తాను, మీకేం కనపడదు అని. ఎదురుగా ఊళ్ళో మగాళ్ళంతా నిలబడి ఉన్నారు. పెళ్ళాం చెబితే బండి ఆపాడంటారని నాకు నామోషీ వేసింది.

"నాకంతా కనపడతంది. ఎనక్కి పో" అన్నాను.

ఆ గుడ్డ చేతిలో అలాగే పట్టుకుని ఆమె వెనక్కి వెళ్ళింది. నేను క్లచ్ వదిలాను. ఆ రెండు మాటలూ డప్పుల్లో ఇంకెవరికీ వినబడలేదు, మా ఇద్దరికీ తప్ప. అందుకే రాయలేదు. ఒప్పుకుంటున్నానని కూర్చుని కూడా, ఎవరికీ తెలియనిది దాచుకుందామనే చూశాను.

ఇది రాశాక మళ్ళీ ఆమెకి ఇచ్చాను. చదివింది. ఇప్పుడు సరిపోయిందా అని అడిగే ధైర్యం నాకు లేదు, ఆమె చెప్పనూ లేదు. సంచి ఇంకా గుమ్మం పక్కనే ఉంది. నువ్వు ఎప్పుడైనా ఫోన్ చేస్తే నాకు చెయ్యకు, ఆమె నంబరుకి చెయ్యి. కవరు ఏదని అడిగి, నీ చిరునామా తన చేత్తో తనే రాస్తోంది.

ఇట్లు,
నీ కొడుకు
సాయిశంకర్